నర్సమ్మ బండి

గుడివాడ,
10 నవంబరు 2024.

అత్తకు, రమ్య వందనాలు.

నీ మోకాలు ఎలా ఉంది? ఇది ఫోన్లో చెప్పే సంగతి కాదు. నీకు వినపడాలంటే నేను అరవాలి, నేను అరిస్తే మా వీధంతా వింటుంది. అందుకే కాగితం తీసుకున్నాను. కూర్చుని చదువు.

నాన్న స్నేహితుడు బందరు కాంతారావు నీకు తెలుసు కదా, సిమెంటు కొట్టు ఆయన. నువ్వు మనిషిని చూడలేదు గానీ పేరు చాలాసార్లు విన్నావు. నాన్నలాగే పాత మోటారు సైకిళ్ళ పిచ్చి. ఆదివారం వస్తే మా ఇంట్లో వాలేవాడు. నాన్న విప్పి పరిచిన సామాన్ల మధ్య స్టూలు వేసుకుని, టీ తాగుతూ సలహాలు చెప్పేవాడు. ఆయన ఒక్క నట్టు విప్పగా నేను చూడలేదు. నాన్న పోవడానికి ముందు ఏడాది, విజయవాడలో పాత బళ్ళ ప్రదర్శన ఉందని చెప్పి, మా ఇంట్లో నాన్న పేరు మీదే ఉన్న నీ రాజ్‌దూత్ తీసుకెళ్ళాడు. అక్కడ అడుగుతారంటూ కాగితాల మీద నాన్న చేత సంతకాలు పెట్టించుకున్నాడు. నాన్న మంచాన పడ్డాక బండి సంగతి ఎవరికి గుర్తుంటుంది? అన్నీ అయ్యాక అడిగితే "మీ నాన్న నాకిచ్చేశాడమ్మా, నా పేరు మీదకి మారిపోయింది కూడా" అన్నాడు. పోలీసు స్టేషన్లో కూడా కాగితాలు ఆయనవైపే ఉన్నాయన్నారు.

ఇంతవరకూ నీకు తెలిసిందే. తెలియనిది ఇప్పుడు చెప్తాను. నిన్న ఆఫీసులో ఎవరో వీడియో చూపించారు. అందులో కాంతారావు, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, నీ బండి మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఏమంటున్నాడో తెలుసా? "ఇది మా అమ్మగారి బండండీ. ఆవిడ నర్సు. ఉప్పెన తర్వాత రోజుల్లో దివిసీమ లంకల్లో ఈ బండేసుకుని తిరిగి కాన్పులు చేసేవారు. ఈ మందుల పెట్టెలు, ఈ ఎత్తు మడ్‌గార్డు, అన్నీ నేనే దగ్గరుండి చేయించానండీ" అంటున్నాడు. గొంతులో జీర కూడా తెచ్చుకున్నాడు. వాళ్ళమ్మగారు గడప దాటని మనిషని నాన్న ఎన్నిసార్లు చెప్పాడో.

చైను కవరు మీద వేళ్ళతో కొట్టి చూపించాడత్తా. నీ తెల్లచీర చైనులో పడకుండా నాన్న రేకు వంచి చేసిన కవరు అది. ఫిబ్రవరిలో ఇక్కడే గుడివాడలో పాత బళ్ళ పండగ చేస్తున్నారు. ఆ బండికీ ఆయనకీ సన్మానమట.

నేను ఊరుకోను. ఎలా ఊరుకోకూడదో మాత్రం నువ్వు చెప్పు.

నీ మేనకోడలు,
రమ్య


నాగాయలంక,
16 నవంబరు 2024.

చిరంజీవి రమ్యను ప్రభువు చల్లగా చూడాలని కోరుతూ అత్త రాయడం.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అన్నం సయించలేదు. పక్కింటి జెనిఫర్ వచ్చి "ఏంటి నర్సమ్మ గారూ, ఎవరైనా పోయారా?" అని అడిగింది. పోలేదు, పోతే బాగుండునని అనుకుంటున్నాను అన్నాను. ఆ పిల్ల బెదిరిపోయింది. పాస్టరు గారి అమ్మాయి కదా.

బండి పోయినప్పుడు నేను ఏడవలేదు, నీకు తెలుసు. ఇనుమే కదా అనుకున్నాను. తమ్ముడే పోయాడు, బండెంత? కానీ వాళ్ళమ్మ అన్నాడా! ఆ బండి మీద నుంచి నేను పడ్డ బురదలో ఆ తల్లి ఎప్పుడైనా కాలు పెట్టిందా?

నేను పొట్టిదాన్ని, కాళ్ళు అందవు అంటే సీటు కోయించి కిందికి దించాడు మీ నాన్న. రేగడి బురద చక్రానికి పట్టుకుని కదలనివ్వకపోతే మడ్‌గార్డు పైకెత్తాడు. టీకాల సీసాలు గలగలమంటే పెట్టెల్లోపల కొబ్బరిపీచు పరిచాడు. అప్పటికి ఇంకా బస్సు డిపోలో హెల్పరు వాడు, రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలు నా బండి పని చేసేవాడు. ఒక ఆడది మోటారు సైకిలు తోలుతోందని గట్ల మీద జనం నిలబడి నవ్వేవాళ్ళు. ఆ నవ్విన ఇళ్ళకే పురుళ్ళు పొయ్యడానికి వెళ్ళాను.

ఆదివారం గుళ్ళో పరలోక ప్రార్థన చెప్తుంటే, క్షమించడం గురించి ఉన్న వాక్యం దగ్గర నోరు మూసుకున్నాను. పక్కన కూర్చున్నవాళ్ళు నా చెవి మిషను పాడైందనుకున్నారు.

నన్ను సలహా అడిగావు. పోలీసులూ లాయర్లూ వద్దు. కాగితాలు వాడివే అంటారు. వాడు దేన్ని చూసుకుని విర్రవీగుతున్నాడో అక్కడ కొట్టాలి. నువ్వు మీ నాన్న పక్కన కూర్చుని పని నేర్చుకున్నదానివి. ఆలోచించు.

నువ్వేం చేసినా నేను నీ వెనకే ఉంటాను.

దీవెనలతో,
ప్రేమమ్మ


గుడివాడ,
8 డిసెంబరు 2024.

అత్తకు, రమ్య వందనాలు. నీ ఉత్తరం నాకు పది మంది బలం ఇచ్చింది.

ఆలస్యానికి కోప్పడకు. ముదినేపల్లిలో నా ల్యాబ్ పని నీకు తెలుసు కదా, చేపల చెరువుల నీళ్ళు పరీక్ష చెయ్యడం. కోతల కాలంలో కూడా సీసాలు వస్తూనే ఉంటాయి. సాయంత్రం అయిదయ్యాక మాత్రం అదే రోడ్డు మీద ఉన్న రాజ్‌కుమార్ తుక్కు కొట్లో దూరుతున్నాను. నాన్నకి పాత సామాన్లు ఇచ్చేవాడే. విషయం చెప్తే "మేడం, ఫిలిప్ గారి కోసం ఏదైనా చేస్తానండీ" అన్నాడు.

నా ఆలోచన ఇది. కాంతారావుకి బళ్ళ గురించి తెలిసిందంతా నాన్న నోటి నుంచి విన్నదే. తన చేత్తో తెలుసుకున్నది ఏమీ లేదు. కానీ బయట పెద్ద నిపుణుడు. ఏది అసలో ఏది నకిలీనో చెప్పమని జనం ఆయన దగ్గరికి ఫోటోలు పంపుతారు. ఆయనకి పదేళ్ళుగా ఒకటే కల, రెండో ప్రపంచ యుద్ధం నాటి మిలిటరీ బండి ఒకటి సంపాదించాలని. ఆ కల నేను తయారు చేస్తున్నాను.

విరిగిన బుల్లెట్ ఇంజను ఒకటి దొరికింది. ట్యాంకు రేకు పనివాడి చేత కొట్టించాను. నట్లు, బోల్టులు ఉప్పునీళ్ళలో నానబెట్టి ఎండలో పెడుతున్నాను. ట్యాంకుకి ఆకుపచ్చ రంగు మూడు పూతలు వేసి, గీకి, చెరువు బురదలో పాతిపెట్టాను. తీసి చూస్తే నాకే దాని మీద గౌరవం కలిగింది. నాన్న పాతవాటిని కొత్తవి చేసేవాడు. నేను కొత్తవాటిని పాతవి చేస్తున్నాను. పని అంతే ఉంది, ఓపిక అంతే కావాలి.

ఇంజను మొరాయించి మొరాయించి స్టార్టవుతోంది. అది ఎక్కువ దూరం వెళ్ళే బండి కాదులే, షోలో నిలబడితే చాలు. బండిని కాంతారావుకి చూపించి, బదులుగా రాజ్‌కుమార్ నీ రాజ్‌దూత్ అడుగుతాడు. అది చేతికి వచ్చాక, ఫిబ్రవరి పండగలో, నలుగురి ముందు మైకు పుచ్చుకుని కాంతారావు నకిలీ బండిని ముక్క ముక్కగా విడదీసి చూపిస్తాను.

క్రిస్మస్‌కి రాలేను. ఈసారికి క్షమించు.

రమ్య


గుడివాడ,
9 జనవరి 2025.

అత్తా, బండి వచ్చేసింది!

వందనాలు తర్వాత చెప్తాను. నీ బండి మా వరండాలో ఉంది. ఇది రాస్తూ మధ్యలో లేచి వెళ్ళి చూసి వస్తున్నాను.

కాంతారావు మొన్న తుక్కు కొట్టుకి వచ్చాడు. నేను టైర్ల గుట్ట వెనక నిలబడి విన్నాను. మిలిటరీ బండిని చూడగానే ఆయన దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. తర్వాత ఏమీ పట్టనట్టు "ఈ చెత్త ఎక్కడిదయ్యా?" అన్నాడు.

"చెరువు గట్టు మీద షెడ్డు పడగొడితే కింద దొరికిందండీ. తుక్కు కింద కోసేద్దామనుకుంటున్నాను."

"వద్దొద్దు! అంటే, అంత కష్టం నీకెందుకు? ఏమిమ్మంటావు?"

"డబ్బు నాకొద్దండీ, ఖర్చయిపోతుంది. తిరగడానికి మొండి బండి ఒకటి కావాలి. వీడియోలో ఆ రాజ్‌దూత్ చూశాను. అదిచ్చేయండి."

అప్పుడు ఆయన ఒక్కసారి కూడా ఆలోచించలేదత్తా. వాళ్ళమ్మగారి బండి కదా, ఒక్క నిమిషం బాధపడినట్టైనా నటిస్తాడనుకున్నాను. "సరే, పట్టుకుపో" అన్నాడు. మర్నాడే మినీ లారీ పంపి మిలిటరీ బండిని ఎక్కించుకుపోయాడు. కాగితాలు కూడా ఇచ్చేశాడు.

హెడ్‌లైటు మీద వాళ్ళమ్మగారి పేరుతో ఇత్తడి పలక బిగించాడు. దాన్ని విప్పి చెత్తబుట్టలో వేశాను. రెండో కిక్కుకే స్టార్టయింది. ఆ పొగ వాసనకి నాన్న ఇంట్లోకి వచ్చినట్టనిపించింది. పండగ దాకా ఎవరికీ చెప్పకు.

పందొమ్మిది నుంచి భీమవరంలో ట్రైనింగ్, ఇరవై ఎనిమిదిన తిరిగి వస్తాను.

నీ రమ్య


నాగాయలంక,
18 జనవరి 2025.

బంగారు తల్లి రమ్యకు, ప్రభువు పేరిట అత్త దీవెనలు.

నీ ఉత్తరం పట్టుకుని వీధిలోకి వెళ్ళి, చెప్పడానికి వీల్లేక మళ్ళీ ఇంట్లోకి వచ్చాను. ఆ రోజు రొయ్యల కూర వండి నేను తిని, జెనిఫర్ వాళ్ళకీ పంపాను. ఎందుకని అడిగితే ఊరికే అన్నాను.

నువ్వు ఫిబ్రవరి దాకా ఆగమన్నావు. నా వయసులో ఆగడం కష్టం. గుడివాడ జనం ముందు వాడు తలవంచుకుంటే నాకేం ఒరుగుతుంది? నా చేతుల్లో పుట్టినవాళ్ళు ఇక్కడున్నారు. వాళ్ళ తల్లులు ఇక్కడున్నారు. ఇరవై ఆరో తారీకు ఆదివారం మా చర్చి వార్షికోత్సవం. ఊరేగింపు ఉంటుంది. జెనిఫర్ చేత కాంతారావుకి ఫోన్ చేయించాను. మీ మిలిటరీ బండి ఊరేగింపులో ముందు నడవాలండీ అని చెప్పించాను. పిల్లకి అసలు సంగతి తెలియదు, పాపం.

వాడు ఎంత పొంగిపోయాడంటే, లారీ అక్కర్లేదు, బందరు నుంచి నేనే తోలుకుంటూ వస్తాను, దారి పొడవునా వీడియో తీయిస్తాను అన్నాడట.

నువ్వు రాశావు కదా, అది దూరం వెళ్ళే బండి కాదని. సరిగ్గా అందుకే పిలిచాను. చల్లపల్లి దాకా వస్తుందేమో, మోపిదేవి దాకా వస్తుందేమో. అవనిగడ్డ దాటాక కాలవ గట్టు మీద ఇంజను ఆగిపోవాలి. ఆ ఇనపగుట్టని ఎండలో తోసుకుంటూ, చెమటలు కారుతూ నా ఊళ్ళోకి రావాలి. అలా నేను ఎన్నిసార్లు తోశానో వాడికి తెలియాలి. అప్పుడు గుడి మెట్ల మీద నిలబెట్టి, ఆ రాజ్‌దూత్ ఎవరిదో చెప్పు నాయనా అని అందరి ముందూ అడుగుతాను.

నీ పండగ నువ్వు చేసుకో. ఇది నా పండగ.

దీవెనలతో,
ప్రేమమ్మ


నాగాయలంక,
27 జనవరి 2025.

రమ్యకు అత్త రాయడం.

ఈ ఉత్తరం అందేసరికి నువ్వు భీమవరం నుంచి వచ్చి ఉంటావు. నిన్న జరిగింది చెప్తాను. తొందరపడకుండా చదువు.

గుడి ముందు పందిరి వేశారు. బ్యాండు వాళ్ళు వచ్చారు. నేను దండ పట్టుకుని నిలబడ్డాను. అవును, దండ కూడా కొన్నాను, వాడి మెడలో వేసి మరీ అడగాలని. పదైంది, పదకొండైంది. ఇంజను ఆగిపోయి ఉంటుంది, తోసుకుంటూ వస్తున్నాడు అని లోపల నవ్వుకుంటున్నాను. అప్పుడు ఆటోవాడు ఒకడు వచ్చి, కాలవ గట్టు మీద బండి పడిపోయింది, మనిషి కింద ఉన్నాడు అన్నాడు.

నేను అదే ఆటోలో వెళ్ళాను. ముందు చక్రం, దాంతో పాటు హ్యాండిలూ ఊడి ఒక పక్క పడి ఉన్నాయి. బండి గట్టు వాలులో ఉంది. ఇంజను అతని కుడికాలి మీద ఉంది. నలుగురు పట్టి ఎత్తారు. మోకాలి కింద ఎముక చర్మం చీల్చుకుని బయటికి వచ్చింది.

పందిరి కర్రలు తెప్పించాను. నా చీర కొంగు చింపి కాలు కట్టాను. నా చేతులు మర్చిపోలేదు, వాటంతట అవే చేశాయి. అతను నా చెయ్యి పట్టుకుని ఏదో అడిగాడు. నాకు వినపడక పెదాల వైపు చూశాను. "నర్సమ్మ గారూ, కాలుంటుందా?" అంటున్నాడు. నేనెవరో అతనికి తెలియదు. కట్టు కట్టిన తీరు చూసి నర్సుననుకున్నాడు.

ఉంటుంది అన్నాను. అవనిగడ్డ ఆస్పత్రిలో దింపాను. అక్కణ్ణుంచి విజయవాడ తీసుకెళ్ళారట, రాడ్లు వేస్తారు.

నాకొకటి అర్థం కావడం లేదు రమ్యా. ఆగిపోవాల్సింది ఇంజను కదా? చక్రం ఎందుకు ఊడింది?

ప్రేమమ్మ


గుడివాడ,
30 జనవరి 2025.

అత్తా,

తలుపు కింద నీ రెండు ఉత్తరాలూ ఒకేసారి దొరికాయి. మొదటిది చదవగానే నిలబడే రెండోది విప్పాను.

ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు తుక్కులో దొరికిందే. పైభాగంలో, హ్యాండిలు కిందకి వచ్చేచోట, పగులు ఉంది. దాన్ని అతికించి, లప్పం పెట్టి, రంగు వేశాను. నిలబెడితే నిలబడుతుంది. మనిషిని మోసుకుని గుంతలో దిగితే విరుగుతుంది. దూరం వెళ్ళే బండి కాదని నీకు రాసింది అందుకే. నువ్వు ఇంజను గురించి అనుకుంటావని నాకు తట్టలేదు. ఈ బళ్ళు పెట్టుకున్నవాళ్ళు ఎవరూ వాటిని తోలరు, లారీల్లో తీసుకొస్తారు. ఆయనా అంతే అనుకున్నాను.

ఇదంతా నిజమే గానీ పూర్తి నిజం కాదు. రంగు వేస్తున్నప్పుడు, ఒకవేళ ఈయన ఎక్కితే అన్న ఆలోచన వచ్చింది. వచ్చాక కూడా బ్రష్షు ఆగలేదు. వేరే ఫోర్కు కోసం ఇంకో వారం వెతకాల్సి వచ్చేది. నాకు అంత ఓపిక లేదనుకున్నాను. ఓపిక లేకపోవడం కాదేమో.

మనకి జరిగినదానికి ఆయనకి ఇది తగిందే అని రోజుకి పదిసార్లు అనుకుంటున్నాను. పదకొండోసారి నీ ఉత్తరంలో ఎముక గుర్తొస్తోంది.

ఏదైనా రాయి అత్తా.

రమ్య


నాగాయలంక,
4 ఫిబ్రవరి 2025.

రమ్యా,

వాణ్ణి ఎండలో నడిపించాలనుకున్నాను. నలుగురిలో నవ్వులపాలు చెయ్యాలనుకున్నాను. ఏడిపించాలనుకున్నాను, అదీ ఒప్పుకుంటాను. నలభై ఏళ్ళు విరిగినవి కట్టిన చేతులు నావి. ఫోర్కు పగులు సంగతి నాకు చెప్పకుండా, ఆ చేతులతోనే వాణ్ణి ఆ గట్టు మీదికి పిలిచేలా చేశావు.

మీ నాన్న పగిలిన ఫోర్కు మీద రంగు వేసేవాడా?

బందరు వెళ్ళు. అతని ఎదురుగా నిలబడి చేసింది చెప్పు. కేసు పెడితే పెట్టనీ, నేనూ వచ్చి నీ పక్కన నిలబడతాను. అది అయ్యేదాకా నాకు ఉత్తరం రాయకు.

ప్రేమమ్మ


గుడివాడ,
24 ఫిబ్రవరి 2025.

అత్తకు, రమ్య వందనాలు.

నువ్వు చెప్పినట్టే వెళ్ళాను. చెప్పాను. కానీ నువ్వు అనుకున్నట్టు జరగలేదు. జరిగినట్టే రాస్తాను, తర్వాత నీ ఇష్టం.

కాంతారావు ముందుగదిలో మంచం మీద ఉన్నాడు. కాలికి బయట నుంచి రాడ్లు. చూడ్డానికి వచ్చినవాళ్ళకి చెప్తున్నాడు, గట్టు మీద ఎంత గుంత ఉందో, యుద్ధం నాటి బండి కాబట్టి ఆ మాత్రమైనా తట్టుకుందో. వాళ్ళావిడ సుమలత గారు నాకు మంచినీళ్ళు ఇచ్చి "ఫిలిప్ గారి అమ్మాయివి కదూ, ఎంత చిక్కిపోయావు" అన్నారు. ఆ గ్లాసు అలాగే కిటికీలో పెట్టేశాను.

అందరూ వెళ్ళాక చెప్పాను. "అంకుల్, ఆ బండి నేను చేశాను. అది నకిలీది. ఫోర్కులో పగులుంది, తెలిసీ రంగు వేశాను. మీ కాలు నా వల్లే విరిగింది. తప్పయింది" అన్నాను. ఈ మాటలు బస్సులో గుడ్లవల్లేరు నుంచి పెడన దాకా వల్లించుకున్నాను.

ఆయన కాలు సంగతి ఎత్తలేదత్తా. తలుపు వెయ్యమన్నాడు. "నకిలీదా? ఎవరెవరికి తెలుసు?" అన్నాడు.

"అంకుల్, మీ కాలు..."

"కాలు అతుక్కుంటుందమ్మా. నకిలీ బండిని పోల్చుకోలేకపోయానని తెలిస్తే నేను నలుగురిలో తిరగగలనా? నా ఫోటో వేసి ఆడుకుంటారు. ఎవరికీ చెప్పకు. నీకు దణ్ణం పెడతాను, చెప్పకు." నిజంగానే చేతులు జోడించాడు.

క్షమించమని అడగడానికి వెళ్ళినదాన్ని. ఆయన ఆ మాట విననే లేదు. నేను బెదిరించడానికి వచ్చాననుకున్నాడు. ఆ జోడించిన చేతులు చూశాక, నేను వల్లించుకున్నదంతా ఎటు పోయిందో తెలియదు. నాన్నని నమ్మించి, ఎక్కడెక్కడ సంతకాలు పెట్టాలో ఆ చేతుల్తోనే కదా చూపించింది అనిపించింది. "సరే, చెప్పను. గుడివాడ పండగకి రండి. వేదికెక్కి, ఆ రాజ్‌దూత్ నర్సు ప్రేమమ్మ గారిదని, దాన్ని చేసింది మా నాన్నని చెప్పండి" అన్నాను. "ఈ స్థితిలో ఎలా వచ్చేది?" అన్నాడు. "అది మీ ఇష్టం" అని లేచాను.

నిన్న వచ్చాడు. చంకల్లో కర్రలు, పక్కన సుమలత గారు. వేదిక మీద కుర్చీ వేశారు. ఆయన ముందు వరసలో ఉన్న నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. నీ పేరు, నాన్న పేరు, లంకలు, చైను కవరు, అన్నీ చెప్పాడు. వాళ్ళమ్మగారి బండి కాదని కూడా చెప్పాడు. జనం లేచి చప్పట్లు కొట్టారు. ఎంత పెద్ద మనసో అని ఆయన్నే పొగిడారనుకో. అయినా నీ పేరు మైకులో వినపడింది.

వీడియో జెనిఫర్‌కి పంపాను. వచ్చే ఆదివారం బండి తోలుకుని వస్తాను. మనకి కావలసింది దక్కింది. నువ్వు సంతోషిస్తే, నేనూ సంతోషించవచ్చో లేదో నాకు తెలుస్తుంది.

నీ రమ్య


నాగాయలంక,
28 ఫిబ్రవరి 2025.

రమ్యకు, అత్త దీవెనలు.

వీడియో గుడి హాల్లో గోడ మీద వేసి చూపించారు. ఊళ్ళో సగం మంది వచ్చారు. జెనిఫర్ పక్కన కూర్చుని అతను అన్న ప్రతి మాటా కాగితం మీద రాసి నాకు ఇచ్చింది. నా పేరు దగ్గరికి వచ్చేసరికి అందరూ నా వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. వెంకాయమ్మ అని, నా చేతుల్లో ముగ్గుర్ని కన్నది, వచ్చి నన్ను కౌగిలించుకుంది. అబద్ధం చెప్పను, నాకు సంతోషం కలిగింది. ఆ మాట అతని నోటి నుంచి రావాలని ఎంత కోరుకున్నానో నీకు తెలుసు.

జెనిఫర్‌ని మళ్ళీ వెయ్యమన్నాను. రెండోసారి కాగితం చూడలేదు, అతని కాలు చూశాను. విరిగి నెల కూడా నిండలేదు. ఆ కాలు నేలకి ఆనించకూడదు. మాట్లాడుతూ మాట్లాడుతూ తూలి ఆనించాడు. అప్పుడు అతని మెడ నరాలు ఎలా లేచాయో నువ్వు ముందు వరసలో ఉండి చూడలేదా? పక్కనే కుర్చీ ఉంది. భార్య వెనక నుంచి చొక్కా పట్టుకుని ఉంది.

బండి తేవద్దు. వచ్చే ఆదివారం కాదు, ఇప్పుడప్పుడే వద్దు. వరండాలోనే ఉంచు, గుడ్డ కప్పు.

సోమవారం నేను బస్సులో బందరు వెళ్తున్నాను. కట్టు విప్పించి చూస్తాను. నేనెవరో చెప్తాను. ఉండమంటే ఉండి, డాక్టరు ఒప్పుకున్నాక వాడికి నడక నేర్పిస్తాను. వెళ్ళిపొమ్మంటే గుమ్మంలో కూర్చుంటాను. నువ్వు కూడా రా. ఈసారి నువ్వు చెప్పదలుచుకున్నది వాడు వినేదాకా నిన్ను కదలనివ్వను.

ఇది చదివి అత్త మెత్తబడిందనుకోకు. క్షమించానని ఎవరికీ చెప్పకు, పాస్టరు గారికి అసలే చెప్పకు. నా తమ్ముణ్ణి నమ్మించి వాడి చేత సంతకం పెట్టించుకున్న మనిషి మీద నాకు చచ్చేదాకా కోపం ఉంటుంది. కానీ కర్రల మీద వేలాడే మనిషి మీద కోపం పెట్టుకోవాలంటే నాకు సిగ్గుగా ఉంది. ముందు వాడు రెండు కాళ్ళ మీద నిలబడనీ. అప్పుడు వాడి మొహం మీదే తిడతాను, తీరిగ్గా.

మీ అత్త,
ప్రేమమ్మ